ఈ నెల ప్రశ్నలు, జవాబులు: దారి ఒప్పు, జవాబు తప్పు

గత సంచికలో ఒక పాఠకురాలికి జవాబు చెబుతూ, 2004లో అమెరికాలో విడుదలైన ‘మీన్ గర్ల్స్’ అనే హాస్యచిత్రాన్ని రెండు వాక్యాల్లో ప్రస్తావించాను. లెక్కలు బాగా వచ్చిన అమ్మాయి ఏమీ రానట్టు నటించడం అందులో ఉందని మాత్రమే రాశాను. ఆ రెండు వాక్యాలకు స్పందనగా వచ్చిన ఉత్తరాలు చదివిన తరువాత, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ సినిమా గురించిన ప్రశ్నలకే కేటాయించాలనిపించింది. ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి నా చూపు ఎక్కువగా ఆ వైపే మళ్ళుతుందని పాఠకులు గమనించగలరు.

టీచరుగారూ, మేము షికాగో శివారులోని నేపర్‌విల్‌లో ఉంటాం. మా అమ్మాయి ఈ ఏడాదే హైస్కూల్లో చేరింది. ఈ సినిమా ఇప్పటికి మూడుసార్లు చూసింది. నేను కాసేపు పక్కన కూర్చుని చూస్తే, పిల్లలు ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవడం తప్ప నాకేమీ కనిపించలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరి పక్కన కూర్చోవాలో తెలియడం లేదని మాత్రం అమ్మాయి ఒకరోజు అన్నది. ఈ సినిమా చూడనివ్వవచ్చా?
– ఒక తల్లి, అమెరికా

అమ్మా, మీ ఉత్తరం చదువుతూ భోజనాల దగ్గర సంగతి వచ్చిన చోట నేను ఆగిపోయాను. ముందు కథ చెబుతాను, అప్పుడు ఎందుకు ఆగానో మీకే తెలుస్తుంది.

కథ జరిగేది మీకు ఉత్తరాన ఉన్న ఎవాన్‌స్టన్‌లో. చిత్రీకరణ చాలావరకు కెనడాలోని టొరాంటోలో జరిగినా, కథలోని బడి మాత్రం ఇలినాయ్ రాష్ట్రంలోనిదే. కేడీ అనే పదహారేళ్ళ అమ్మాయి తల్లిదండ్రులు జంతుశాస్త్రవేత్తలు. వారితోపాటు పన్నెండేళ్ళు ఆఫ్రికాలో ఉండి, ఇంట్లోనే చదువుకుని, తల్లికి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం రావడంతో మొట్టమొదటిసారి బడి గడప తొక్కుతుంది. మొదటి రోజు మధ్యాహ్నం అన్నం పళ్ళెం పట్టుకుని ఆ పెద్ద హాలులో నిలబడి, ఏ బల్ల దగ్గరా చోటు దొరకక, చివరికి మరుగుదొడ్డి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని తింటుంది. ఆ దృశ్యం తెర మీద ఉండేది కొన్ని క్షణాలే. మీ అమ్మాయి మూడుసార్లు చూసిన సినిమాలో బహుశా ఆమెకు అన్నిటికన్నా బాగా తెలిసిన దృశ్యం అదే కావచ్చు.

ఆ తరువాత జానిస్, డేమియన్ అనే ఇద్దరు కేడీతో స్నేహం చేస్తారు. ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారో పటం గీసి ఇస్తారు. బడినంతా శాసించే రెజీనా, ఆమె వెంట తిరిగే గ్రెచెన్, కేరెన్ అనే ముగ్గురమ్మాయిల ముఠాలో చేరి, వాళ్ళ గుట్టు తెచ్చి తనకు చెప్పమని జానిస్ కేడీని పురమాయిస్తుంది. కేడీ గూఢచారిగా వెళ్తుంది, కొన్నాళ్ళకు వాళ్ళలో ఒకతెగా మారిపోతుంది. ఆ ముఠాలో బుధవారం గులాబీ రంగే కట్టాలి, జుట్టు వెనక్కి లాగి ముడివేసుకోవడం వారానికి ఒకసారే. నియమం తప్పినవాళ్ళకు ఆ పూట బల్ల దగ్గర చోటు ఉండదు. ఇంతటి చిన్న నియమాలకు ఇంతటి పెద్ద శిక్ష ఎలా కుదురుతుందో మనకు వింతగా ఉంటుంది గాని, పద్నాలుగేళ్ళ పిల్లకు అదేమీ వింత కాదు.

ఈ కథకు మూలం నవల కాదు. రోజలిండ్ వైజ్‌మన్ 2002లో తల్లిదండ్రుల కోసం, ఆడపిల్లల స్నేహ బృందాలలోని పెత్తనాల గురించి ఒక పుస్తకం రాశారు. అందులో కథ లేదు. ఆ పరిశీలనలను తీసుకుని టీనా ఫే కథ అల్లి, సంభాషణలు రాసి, లెక్కల టీచరు పాత్రను తానే వేశారు. మార్క్ వాటర్స్ దర్శకత్వం వహించారు. అంటే ఇది మొదట మీలాంటి తల్లుల కోసం పుట్టిన విషయమే. పదమూడేళ్ళ లోపు పిల్లల విషయంలో పెద్దలు జాగ్రత్త వహించాలన్న ధ్రువీకరణ దీనికి ఉంది. మాటల్లో కొంత మోటుతనమూ ఉంది. అయినా మీ అమ్మాయి ఇప్పటికే చూసింది కాబట్టి నాలుగోసారి మీరు మొదటి నుంచి చివరిదాకా ఆమె పక్కన కూర్చోండి. సినిమా అయ్యాక పాఠం చెప్పకండి. “నువ్వు ఏ బల్ల దగ్గర కూర్చుంటున్నావమ్మా?” అని అడగండి చాలు.

టీచరుగారూ, నేను విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. లెక్కల క్లాసులో నాకు జవాబు తెలిసినా చెప్పడం మానేశాను. చెబితే “ఓవరాక్షన్” అంటారు, సాయంత్రం నాతో ఎవరూ మాట్లాడరు. మీరు రాసిన సినిమాలో ఆ అమ్మాయి ఎందుకలా నటించింది? తరువాత ఏమైంది?
– ఒక విద్యార్థిని

తల్లీ, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నీ ఉత్తరాన్నే ఎక్కువసార్లు చదివాను.

కేడీ కారణం నీ కారణం కన్నా తేలికైనది. ఆమె ముందు బల్లలో ఏరన్ అనే అబ్బాయి కూర్చుంటాడు. అతనితో మాట కలపడానికి, తనకు లెక్క అర్థం కాలేదని, చెప్పిపెట్టమని అడుగుతుంది. అతను చెప్పేది తప్పని తెలిసి కూడా తల ఊపుతుంది. మాట కోసం మొదలైన ఆ నటన పరీక్ష కాగితం దాకా పాకుతుంది. మార్కులు పడిపోతాయి. అప్పుడు లెక్కల టీచరు నార్‌బరీ ఆమెను పిలిచి, నీకు లెక్కలు రావని నేను నమ్మను, చేసిన పని అంతా సరిగా ఉంది, జవాబులు మాత్రమే తప్పుగా ఉన్నాయి అన్న అర్థం వచ్చేలా చెబుతుంది.

ఆ మాట విన్నప్పుడు నేను సినిమా ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను. ఎందుకంటే అలాంటి కాగితాన్ని నేను చేతిలో పట్టుకుని చూశాను. చాలా ఏళ్ళ క్రితం, తొమ్మిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షల జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ఒక అమ్మాయి కాగితంలో వర్గ సమీకరణం మెట్టు మెట్టుగా, ఒక్క గుర్తు తప్పకుండా నడిచింది. చివరి వరుసలో మాత్రం 7 రావలసిన చోట 9 ఉంది. కాగితాన్ని దీపం వెలుగుకు ఎత్తి చూస్తే, రబ్బరుతో గట్టిగా రుద్దిన చోట కాగితం పొర లేచి, ఆ 9 కింద 7 కనిపించింది. పెన్సిలు అంత లోతుగా దిగింది మరి. ఆమె 7 అని రాసింది, తరువాత చెరిపింది. మరో రెండు లెక్కల్లోనూ అదే పని చేసింది. తన కన్నా రెండు మార్కులు తక్కువ వచ్చే స్నేహితురాలు ముందటి పరీక్ష తరువాత తనతో మాట్లాడటం మానేసిందని, అడగగా అడగగా చెప్పింది. నేను మెట్లకు మార్కులు వేశాను. జవాబుకు వేయలేకపోయాను.

ఆ సినిమాలో అబద్ధాలు చాలా ఉన్నాయి. స్నేహితులను మోసగించడం, చాటుమాటుగా ఫోనులో వినిపించడం, బరువు తగ్గిస్తాయని చెప్పి బరువు పెంచే తినుబండారాలు రెజీనాకు ఇవ్వడం, ఇలా ఎన్నో. అయినా నా లెక్కలో వాటన్నిటికీ తల్లి ఈ మొదటి అబద్ధమే. తన చేతిలో ఉన్నదాన్ని లేదని చెప్పడానికి అలవాటుపడిన మనిషికి, తనది కానిదాన్ని తనదని చెప్పడం ఆట్టే కష్టం కాదు. తనకు లెక్కలు రావన్న అబద్ధం ఎవరికీ హాని చేయదనుకుంటుంది కేడీ. అక్కడి నుంచి ఆమె నవ్వు, నడక, గొంతు, ఇష్టాయిష్టాలు ఒక్కొక్కటే ఇంకొకరివి అయిపోతాయి. కడకు ఒక విందు రాత్రి ఏరన్‌తోనే నిజం చెబుతుంది, నాకు లెక్కలు బాగా వచ్చు, నీతో మాట్లాడటానికే ఓడిపోయాను అని. అతను సంతోషించడు. నువ్వూ రెజీనా లాగే తయారయ్యావంటాడు. ఆమె ఏ అబ్బాయి కోసం తన తెలివిని దాచుకుందో ఆ అబ్బాయికి ఆ త్యాగం అక్కరలేకపోయింది. నీ హాస్టల్ స్నేహితురాళ్ళు కూడా నిన్ను అడిగింది మౌనమేనా, లేక జవాబు చెప్పిన తరువాత వెనక్కి తిరిగి తమకూ చెప్పిపెట్టమనా అన్నది నువ్వు ఒకసారి ఆలోచించు.

ఒక పని చేసి చూడు. రేపే క్లాసులో చెయ్యి ఎత్తమని నేను అనను, అది నీకు బరువవుతుంది. సాయంత్రం స్టడీ అవర్‌లో లెక్క ఆగిపోయిన ఒక్కరి పక్కన కూర్చుని, జవాబు కాకుండా తరువాతి మెట్టు మాత్రం చెప్పు. పరీక్ష కాగితంలో మాత్రం, నా మాట విని, ఒక్క అంకె కూడా చెరపకు.

టీచరుగారూ, ఆ అమ్మాయి సినిమా అంతా అబద్ధాలు ఆడి, చివర ఒక్కసారి తప్పు ఒప్పుకుంటే అందరూ క్షమించేశారు. ఇందులో నిజాయితీ ఎక్కడుంది? ఇది చాలా సుళువైన ముగింపు కాదా?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

మీ ప్రశ్నలో సగం నిజం ఉంది, ఆ సగాన్ని చివర ఒప్పుకుంటాను.

ఆ ముఠా ఒక పుస్తకం నడుపుతుంది. బడిలోని ఆడపిల్లల ఫోటోలు అతికించి, ప్రతి ఫోటో కింద నీచమైన రాతలు రాసిన గులాబీ రంగు పుస్తకం అది. కేడీ అందులో టీచరు నార్‌బరీ గురించి, ఆమె మాదకద్రవ్యాలు అమ్ముతుందని రాస్తుంది. మార్కులు తగ్గినందుకు మందలించిన టీచరు మీద ఉక్రోషంతో రాసిన ఆ వాక్యంలో ఇసుమంతైనా నిజం లేదు. కుట్ర బయటపడి ముఠా నుంచి తన పట్టు జారినప్పుడు రెజీనా ఆ పుస్తకం పేజీలను నకళ్ళు తీయించి బడంతా వెదజల్లుతుంది. టీచరు మీద విచారణ మొదలవుతుంది. అప్పుడు కేడీ వెళ్ళి ఆ రాతలు తనవని ఒప్పుకుంటుంది.

ఇక్కడ గమనించవలసినది ఆమె ఎంత ఒప్పుకుందన్నది. ఆ పుస్తకంలో ఆమె రాసింది చాలా కొద్ది. రెజీనా పేరు చెప్పవచ్చు, గ్రెచెన్ పేరు చెప్పవచ్చు, జానిస్ పురమాయించిందని చెప్పవచ్చు. అవన్నీ నిజాలే. ఆ నిజాలు చెప్పి ఉంటే ఆమె శిక్ష తగ్గేది, టీచరు మీద పడిన మచ్చ విషయం వెనక్కి పోయి ఎవరిది ఎంత తప్పు అన్న పంచాయితీ ముందుకు వచ్చేది. ఆమె మొత్తం నిందను తన మీద వేసుకుంటుంది. మన ఇళ్ళలో తప్పు ఒప్పుకునే తీరు మీకు తెలుసు: “నేను చేశాను గాని, వాడు చేయమన్నాడు.” ఆ ‘గాని’ అన్న మాట లేకుండా చెప్పడం పదహారేళ్ళ వయసులో ఎంత కష్టమో, ఆ వయసు పిల్లలను హెడ్మాస్టరు గదిలో నిలబెట్టి చూసినదానిగా నాకు తెలుసు.

క్షమ కూడా ఊరికే రాలేదు. నార్‌బరీ ఆమెను గణిత పోటీల జట్టులో చేరి పోటీకి రమ్మంటుంది. బడిలో ఎవరూ ఆదరించని జట్టు అది, అందులో చేరితే నవ్వులపాలవుతావని కేడీకి మొదటి వారమే చెప్పారు. ఏ విషయంలో అబద్ధమాడిందో ఆ విషయంలోనే నలుగురి ముందూ నిజం నిరూపించుకోవలసిన శిక్ష అది. ఇంతకన్నా తగిన శిక్ష నేను వేయలేను.

ఇక మీరు చెప్పిన సగం నిజం. జానిస్ విషయంలో సినిమా న్యాయం చేయలేదని నా అభిప్రాయం. కుట్రకు మూలం ఆమె. కొత్తగా వచ్చిన, లోకం తెలియని అమ్మాయిని తన పాత పగ తీర్చుకునే పనిముట్టుగా వాడుకుంది ఆమె. వ్యాయామశాలలో అందరూ క్షమాపణలు చెప్పే చోట, ఆమె క్షమాపణ పేరుతో రెజీనాకు తామేమి చేశామో గొప్పగా చెప్పి చప్పట్లు కొట్టించుకుంటుంది. నిజం చెప్పడం వేరు, నిజాన్ని రాయిలా విసరడం వేరు. ఆ తేడాను సినిమా చూపించి కూడా జానిస్‌ను అడగకుండా వదిలేసింది.

ఈ సినిమా కొత్త రూపంలో ఒక తెలుగు అమ్మాయి నటించిందట, నిజమేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

నిజమే. ఈ కథ 2018లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో సంగీత నాటకంగా వచ్చింది, 2024 జనవరిలో ఆ నాటకం మళ్ళీ సినిమాగా వచ్చింది. అందులో కేరెన్ పాత్ర పేరును కేరెన్ శెట్టిగా మార్చి, అవంతిక వందనపు చేత వేయించారు. కాలిఫోర్నియాలో పెరిగిన ఈ తెలుగు అమ్మాయిని మీరు ఇంతకుముందే చూసి ఉంటారు. 2016లో వచ్చిన ‘బ్రహ్మోత్సవం’, ‘మనమంతా’ చిత్రాలలో బాలనటిగా ఉన్నది ఆమే. పాత చిత్రంలో గణిత జట్టు నాయకుడు కెవిన్‌గా వేసిన రాజీవ్ సురేంద్ర కూడా శ్రీలంక తమిళ కుటుంబానికి చెందిన కెనడా నటుడు. ఇరవై ఏళ్ళలో మనవంటి ముఖం లెక్కల జట్టులో నుంచి ఆ ముగ్గురి బల్ల దగ్గరికి మారిందన్నమాట. కేరెన్ ఆ ముగ్గురిలో అమాయకురాలి పాత్ర. భారతీయ సంతతి పిల్ల అనగానే చదువరిగా చూపించే అలవాటు నుంచి ఇది పక్కకు జరగడం నాకు సంతోషంగానే ఉంది.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. పదో తరగతి ఆడపిల్లల దగ్గర ఒక నోటుపుస్తకం దొరికింది. స్లామ్‌బుక్ అన్నారు గాని, అందులో తోటి పిల్లల రంగు గురించి, కులం గురించి, ఇంటి సంగతుల గురించి రాతలున్నాయి. ఆ సినిమాలోని పుస్తకం లాంటిదే. నేనేమి చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని

చెల్లెమ్మా, ముందుగా, ఆ పుస్తకాన్ని క్లాసులో చదవకండి. నేను చదివాను.

మన బడుల్లో స్లామ్‌బుక్ అంటే పదో తరగతి చివర ‘నీకు నచ్చిన రంగు’, ‘నా గురించి ఒక మాట’ అని రాయించుకునే ముచ్చటైన జ్ఞాపకాల పుస్తకం. అమెరికాలో ఆ మాటకు ఉన్న పాత అర్థం వేరు. అక్కడి బడుల్లో ఒకరి గురించి ఒకరు పేరు లేకుండా రాసి చేతులు మార్చుకునే పుస్తకాన్ని ఆ పేరుతో పిలిచేవారు. సినిమాలోని గులాబీ రంగు పుస్తకం ఆ వంశానిదే. మీకు దొరికినది మన పేరు పెట్టుకున్న ఆ పాత పుస్తకం.

నేను పనిచేసిన బడిలో అలాంటిది దొరికినప్పుడు, రాసినవాళ్ళకు సిగ్గు రావాలని, రాతగాళ్ళను నిలబెట్టి నాలుగు వాక్యాలు గట్టిగా చదివాను. సిగ్గు వచ్చింది, అయితే రాసినవాళ్ళకు కాదు. ఒక అమ్మాయి తండ్రి తాగుడు గురించి అందులో ఉన్న వాక్యం అప్పటిదాకా ముగ్గురికి తెలుసు, నా గొంతుతో నలభై మందికి తెలిసింది. ఆ పిల్ల వారం రోజులు బడికి రాలేదు. నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె తల్లి నన్ను లోపలికి పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చింది. ఆ మంచినీళ్ళు గొంతు దిగలేదు.

సినిమాలో నార్‌బరీ చేసిన పని నాకు అప్పుడు తెలిసి ఉంటే బాగుండేది. పేజీలు చెల్లాచెదురై, ఆడపిల్లలు వరండాల్లో జుట్లు పట్టుకుని కొట్టుకున్న తరువాత, అందరినీ వ్యాయామశాలలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంటుంది. మీ వెనక ఎవరైనా మీ గురించి చెడ్డగా మాట్లాడి ఉంటే చెయ్యి ఎత్తండి అంటుంది. కళ్ళు తెరిచి చూస్తే అన్ని చేతులూ గాలిలో ఉంటాయి. మళ్ళీ కళ్ళు మూయించి, మీరు ఒక స్నేహితురాలి గురించి వెనక మాట్లాడి ఉంటే చెయ్యి ఎత్తండి అంటుంది. మళ్ళీ అన్ని చేతులూ లేస్తాయి. ఎవరి పేరూ బయటికి రాలేదు, ఏ వాక్యమూ చదవలేదు. బాధపడినవాళ్ళూ బాధపెట్టినవాళ్ళూ ఒకే గుంపు అని చేతులే చెప్పాయి. అదే సమావేశంలో ఆ తరువాత ఒక్కొక్కరిని వేదిక ఎక్కించి క్షమాపణలు చదివించడం వికటించిందన్నది కూడా గుర్తుంచుకోండి. ఆ రెండో భాగాన్ని మీరు తీసుకోవద్దు. మొదటి భాగం చేసి చూడండి, కులం ప్రస్తావన ఉన్న రాతల విషయం మాత్రం హెడ్మాస్టరుతో విడిగా మాట్లాడి, రాసిన పిల్లల తల్లిదండ్రులను పిలిపించండి. అది పిల్లల అల్లరి లెక్కలోకి రాదు.

నలుగురిలో పేరు తెచ్చుకోవాలనుకోవడం తప్పా? నాకు అందరూ నన్ను ఇష్టపడాలని ఉంటుంది. ఈ సినిమా చూస్తే అది తప్పనిపించింది.
– బీటెక్ విద్యార్థి, హైదరాబాద్

తప్పు కాదు బాబూ. మీరు రెండు వేర్వేరు కోరికలను ఒకే వాక్యంలో పెట్టారు, చిక్కు అక్కడుంది.

బడిపిల్లల మీద పరిశోధన చేసే మనస్తత్వవేత్తలు దీనిని రెండుగా విడదీస్తారు. “నీకు ఎవరంటే ఇష్టం?” అని పిల్లలను అడిగితే వచ్చే పేర్లు కొన్ని, “ఈ క్లాసులో ఎవరికి పేరుంది?” అని అడిగితే వచ్చే పేర్లు కొన్ని. రెండు జాబితాలూ కొంతవరకే కలుస్తాయి. రెజీనా రెండో జాబితాలో మొదటి పేరు. మొదటి జాబితాలో ఆమె పేరు రాసేవాళ్ళు ఆ బడిలో ఎవరూ కనిపించరు. వరండాలో ఒక అమ్మాయిని ఆపి, నీ లంగా ఎంత బాగుందో అని మెచ్చుకుంటుంది. ఆ అమ్మాయి మురిసిపోతూ వెళ్ళగానే పక్కకు తిరిగి, ఇంత అసహ్యమైన బట్ట నేను చూడలేదంటుంది. కేడీతో మొదటిసారి మాట్లాడినప్పుడు ఆమె చేతి కంకణానికీ అలాంటి మెప్పే దొరికింది. లంగా గురించి ఆ మాట విన్నప్పుడు కేడీ ముఖం చూడండి. మెప్పు విలువ ఆమెకు ఆ క్షణంలో తెలిసిపోతుంది.

రెజీనా పేరు ఆమె దగ్గర లేదు, ఇతరుల భయంలో ఉంది. అందుకే ఆమె ఒంటి మీది బట్ట బిగుతై, శుక్రవారం కాని రోజు వేసుకోకూడనిది వేసుకుని రాగానే, ఇన్నాళ్ళూ వెంట తిరిగిన గ్రెచెన్, కేరెన్ ఇద్దరే ఆమెను బల్ల దగ్గర కూర్చోనివ్వరు. ఒక్క పూటలో దిగిపోయేది పేరు అనడానికి నాకు మనసొప్పదు. కేడీ కూడా అదే బల్ల మీద రెజీనా స్థానంలో కూర్చుంటుంది, అక్కడా ఎంతోకాలం నిలవదు.

వసంతోత్సవ నృత్యం రాత్రి కేడీ గణిత జట్టు కోటు తొడుక్కునే వస్తుంది. రాణిగా ఆమెను ఎన్నుకుంటారు. ఆమె ఆ కిరీటాన్ని చేతిలోకి తీసుకుని ముక్కలుగా విరిచి, గ్రెచెన్‌కు, జానిస్‌కు, రెజీనాకు విసురుతుంది. అది ప్లాస్టిక్ కిరీటం, పెద్దగా బలం ప్రయోగించకుండానే విరుగుతుంది. పుల్లలు విరిచినంత సులువుగా విరిగే ఆ వస్తువు కోసమే కదా ఇంత జరిగిందని ఆ శబ్దం వింటే తెలుస్తుంది. అందరూ మిమ్మల్ని ఇష్టపడాలనుకోండి, మంచిదే. మీ క్లాసులో నలభై మంది ఉంటే నలభై పేర్లూ మీకు తెలుసా అన్నది ముందు చూసుకోండి.

ఆ సినిమా చివరి పోటీలో వచ్చే లెక్క నిజమైన లెక్కేనా? మేము చేయగలమా?
– ఇంటర్ ఎంపీసీ విద్యార్థి, కరీంనగర్

ఈ ప్రశ్న వస్తుందని ఎదురుచూశాను. నిజమైన లెక్కే, మీ 1-బిలోని ‘అవధులు’ అధ్యాయం చదివినవారు చేయగలిగినదే.

రాష్ట్ర స్థాయి పోటీలో రెండు జట్లూ సమానంగా నిలుస్తాయి. చివరి ప్రశ్నకు ఒక్కొక్క జట్టు నుంచి ఒక్కరు రావాలి. ఎదుటి జట్టు నుంచి వచ్చిన అమ్మాయి బట్టలను, కళ్ళద్దాలను, పెదవి రంగును చూసి కేడీ మనసులో ఎప్పటి అలవాటు చొప్పున వెక్కిరింపు మొదలవుతుంది. మధ్యలోనే ఆపుకుంటుంది. ఆ అమ్మాయి ముఖాన్ని ఎంత వెక్కిరించినా తన కాగితం మీది లెక్క తేలదని ఆమెకు అర్థమవుతుంది. ఎదుటివారిని తగ్గించడంతో తనకు ఒక్క మార్కు కూడా రాదన్న ఆ గ్రహింపే ఆమె ఆత్మవిశ్వాసానికి మొదలు.

లెక్క ఇది. లవంలో, (1 − ఎక్స్) సహజ సంవర్గమానం నుంచి సైన్ ఎక్స్ తీసివేయాలి. హారంలో, 1 నుంచి కాస్ ఎక్స్ వర్గం తీసివేయాలి. ఎక్స్ సున్నాకు చేరువవుతుంటే దీని అవధి ఎంత? సున్నాను నేరుగా ప్రతిక్షేపిస్తే లవమూ సున్నా, హారమూ సున్నా. హారం సైన్ ఎక్స్ వర్గానికి సమానమని మీరు వెంటనే పట్టుకోవాలి, ఎక్స్ చిన్నదైనప్పుడు అది ఎక్స్ వర్గానికి చేరువ. లవం −2 ఎక్స్‌కు చేరువ. కాబట్టి మొత్తం విలువ, −2ను ఎక్స్‌తో భాగించినట్టు ప్రవర్తిస్తుంది.

ఎదుటి అమ్మాయి −1 అంటుంది, తప్పు. కేడీకి ఆ పాఠం జరిగిన రోజు గుర్తుకు రాదు. ఆ రోజు ఏరన్ కొత్తగా జుట్టు కత్తిరించుకుని వచ్చాడు, ఆమె కళ్ళు అతని మీదే ఉన్నాయి. ఇప్పుడు ఆ జ్ఞాపకంలోనే అతని తల పక్క నుంచి వెనకనున్న నల్లబల్లను వెతుక్కుంటుంది. బల్ల మీద రాసి ఉన్నది కనిపిస్తుంది. అవధి వ్యవస్థితం కాదని చెబుతుంది, జట్టు గెలుస్తుంది.

కుడి అవధి నేను చేసి చూపిస్తాను. కోణాలను రేడియన్లలో తీసుకోండి. ఎక్స్ విలువ 0.1 అయితే లవం దాదాపు −0.2052, హారం దాదాపు 0.00997, భాగిస్తే వచ్చేది దాదాపు −20.6. ఎక్స్ విలువ 0.01 అయితే దాదాపు −200.5. సున్నాకు కుడివైపు నుంచి దగ్గరయ్యేకొద్దీ విలువ అంతులేకుండా కిందికి పోతోంది. ఎడమ అవధి మీరు చేయండి. ఎక్స్‌ను −0.1గా, తరువాత −0.01గా తీసుకుని, ప్రతి మెట్టూ కాగితం మీద రాసి, ఏ వైపు పోతున్నదో చూసి, వచ్చే సంచికలోగా నాకు పంపండి.